చేపల ఆయకట్టు

చిలకలేటి ఆనకట్టకు చేపల మెట్లు కట్టారు. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. సముద్రంలోంచి ఏటికి ఎదురీదుతూ వచ్చే పులస ఆనకట్ట గోడకు మూతి కొట్టుకుని ఆగిపోతోందనీ, ఎగువనున్న మడుగులోకి వెళ్ళి గుడ్లు పెట్టుకోలేకపోతోందనీ ప్రభుత్వం వారు గుర్తించారు. గుర్తించడానికి నలభై ఏళ్ళు పట్టింది. అదీ వారి తప్పు కాదు. పులస ఏనాడూ అర్జీ పెట్టుకోలేదు.

మెట్లంటే గుడి మెట్ల లాంటివి కావు. గోడ పక్కన ఏటవాలుగా ఒక సిమెంటు కాలవ, అందులో అడ్డగోడలు, రెండు అడ్డగోడల మధ్య ఒక్కో తొట్టి. పైన షట్టరు ఎత్తితే నీళ్ళు తొట్టిలోంచి తొట్టిలోకి దిగుతాయి. చేప ఆ నీటికి ఎదురెక్కుతూ పైకి పోవాలి. పటం ఏదో చలిదేశం నుంచి తెప్పించారు. అక్కడ సాల్మన్ అనే చేప ఈ విద్యలో ఆరితేరిందట. ప్రారంభోత్సవం నాడు పెట్టిన బోర్డు మీద కూడా గులాబీరంగు సాల్మనే గాల్లోకి ఎగురుతూ కనిపించింది.

"ఇదేం సేపండీ?" అని ఓలేటి నూకరత్నం ఇరిగేషన్ ఏఈ గారిని అడిగింది.

"మెట్లెక్కే చేపమ్మా. మన చేపలు దీన్ని చూసి నేర్చుకుంటాయని పెట్టించాం."

నూకరత్నం నవ్వలేదు. మడుగు ఒడ్డునున్న పల్లెపాలెంలో మత్స్యకార సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. మొగుడున్నప్పుడు వల ఆయనది, బేరం ఆవిడది. ఆయన పోయాక రెండూ ఆవిడవే. పాలెం మొత్తానికి బతుకుతెరువు ఆ మడుగు. ఆ మడుగు మీదికి ఇప్పుడు గండం వచ్చి కూర్చుంది. మత్స్యశాఖ వారు కాగితం పంపారు. మడుగులో చేపలు పట్టుకునే హక్కు ఏటి చేప కోసం ఇచ్చినదనీ, ఏటి చేపల్లో ముఖ్యమైన పులస అక్కడ కనపడి నలభై ఏళ్ళయిందనీ, ఏటికి ఎర్రనీరు వచ్చే ఈ వరద రోజుల్లోనైనా మడుగులో పులస కనపడితే హక్కు మరో ఏడాది సంఘానికే ఉంటుందనీ, కనపడకపోతే మడుగు ఒక కంపెనీకి వెళుతుందనీ అందులో ఉంది. కంపెనీ వాళ్ళు మడుగు నిండా ఇనప పంజరాలు దించి చేపల్ని పెంచుతారు. ఆ తర్వాత పాలెం వాళ్ళు ఒడ్డున కూర్చుని పంజరాలు చూసుకోవచ్చు.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. పెద్దలు మీట నొక్కారు, షట్టరు లేచింది, నీళ్ళు దూకాయి, ఫోటోలు తీశారు. తర్వాత షట్టరు దించేశారు. ప్రారంభం అయిపోయింది కదా మరి.

వారం తిరక్కుండా ఎర్రనీరు తగిలింది. దిగువ రేవుల్లో పులస పడుతోందని కబురు వచ్చింది. నూకరత్నం చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని లస్కరు సోమన్న దగ్గరికి వెళ్ళింది. లస్కరంటే షట్టర్లు ఎత్తి దించే మనిషి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలంటారే, చిలకలేటి మీద ఆ పూజారి సోమన్న.

"సోమన్న బావా, మెట్లలోకి నీల్లొదులు."

"ఏ నీల్లు?"

"ఏటి నీల్లే."

"ఏటి నీల్లని ఏవీ ఉండవే రత్నం," అన్నాడు సోమన్న ఓపిగ్గా. "వరద నీల్లుంటాయి, పెద్ద గేట్లలోంచి పోతాయి. ఆయకట్టు నీల్లుంటాయి, కాలవలోంచి పోతాయి. మెట్లలోంచి పోయే నీల్లు మా దాంట్లో ఎక్కడా లేవు. లేని నీల్లు నేనెక్కడ తెచ్చి ఒదలను?"

"మరి మెట్లెందుకు కట్టారు?"

"కట్టడం వేరే సెక్షను," అన్నాడు సోమన్న.

సెక్షన్ల తలకాయ ఈఈ చయనులు గారు. ఆయన చెడ్డవాడు కాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవర్నీ కసురుకోలేదు, ఎవరి పనీ చెయ్యలేదు. ఫైలు చదివీ చదివీ ఆయన మాట కూడా ఫైలులాగే అయిపోయింది. నూకరత్నాన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, చెప్పినదంతా విన్నారు.

"అమ్మా, నీరు అనునది ఆయకట్టు నిమిత్తం. ఆయకట్టు అనగా భూమి. సదరు పులసకు ఎన్ని ఎకరాలు?"

"సేపలకి ఎకరాలేటండి బాబూ?"

"నేనూ అదే అంటున్నాను."

నూకరత్నం అక్కణ్ణుంచి లేచి వస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఉత్త చేతుల్తో వెళితే పాలెంలో ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? విసుగొచ్చి నోటికొచ్చిన మాట అనేసింది.

"అయితే మా సేపలకీ నాలుగు సెంట్లు రాసెయ్యండి బాబూ. తవరి సేతిలో పనే కదా."

చయనులు గారి కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళలో తన చేతిలో ఉన్న పని అడిగిన మనిషి ఈవిడొక్కతే. వెంటనే ఏఈని పిలిచారు. చేపల మెట్ల అడుగుభాగాన్ని కొలిపించి, సదరు విస్తీర్ణాన్ని కొత్త ఆయకట్టుగా స్థిరీకరించడమైనదని అక్కడికక్కడే రాయించారు. తొట్లన్నీ కలిపితే ఒక పెరడంత వచ్చింది.

"ఇంక ఒదుల్తారాండి?" అంది నూకరత్నం.

"ఆయకట్టు పుట్టినది. వంతు పుట్టవలెను. వంతు అనునది నీటి సంఘం వారు చెప్పవలెను."

నీటి సంఘం అంటే కాలవ కింద రైతుల సంఘం. దానికి అధ్యక్షుడు పెదబాబు రాజుగారు. ఎవరి పొలానికి ముందు నీళ్ళు, ఎవరికి తర్వాత అన్నది ఆ సంఘంలో తేలుతుంది. చేపల సంగతి అక్కడ పెడితే వాళ్ళు నవ్వి పంపేస్తారని నూకరత్నం భయపడింది. ఒక్కడూ నవ్వలేదు. నీళ్ళ దగ్గర రైతు నవ్వడు.

"చేపలు రైతులా అని నేను అడగనండి," అన్నారు రాజుగారు మీసం మీద చెయ్యేసి. "ఆఫీసు వారు ఆయకట్టన్నాక ఆయకట్టే. ఎగువ భూమా, శివారు భూమా, అది తేలాలి. ఆయ్."

కాలవ మొదట్లో ఉన్నవి ఎగువ పొలాలు, చిట్టచివర ఉన్నవి శివారు పొలాలు. శివారుకి నీళ్ళు అందరికంటే ఆఖరున వస్తాయి, ఒక్కోసారి రానే రావు. మెట్లు ఆనకట్టను ఆనుకునే ఉన్నాయి కాబట్టి పులసది ఎగువ భూమే అని కొందరన్నారు. పొలం సంగతి కాదు, మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడో చూడాలి, పులస సముద్రంలోంచి వస్తుంది, సముద్రాన్ని మించిన శివారు ఏముంది అని మరి కొందరన్నారు. ఈ రెండో మాట రాజుగారికి బాగా నచ్చింది. పులస శివారు రైతుగా ఖాయమైంది. శివారు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు మాత్రం నూకరత్నం కేసి జాలిగా చూసి, "మా జట్టులో పడ్డావా తల్లీ," అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఆయకట్టన్నాక పంట రాయాలి. పంటన్నాక అది మాగాణా, ఆరుతడా చెప్పాలి. మాగాణి అంటే వరిలాగా ఎప్పుడూ నీళ్ళు నిలవుండే పంట. ఆరుతడి అంటే మిరప, మొక్కజొన్న లాగా ఓ తడి పెట్టి, ఆరనిచ్చి, మళ్ళీ తడి పెట్టే పంట. చయనులు గారు ఒక రోజంతా ఆలోచించారు. కొత్త మాగాణికి పై ఆఫీసు అనుమతి కావాలి, అది వచ్చేసరికి ఎండాకాలం వస్తుంది. ఆరుతడికయితే ఆయన సంతకం చాలు. నూకరత్నం మీది దయకొద్దీ ఆయన చేపను ఆరుతడి పంటగా రాశారు.

"మూడు రోజులు తడి, నాలుగు రోజులు ఆరబెట్టు," అని చదివి వినిపించారు.

నూకరత్నానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీదికి వంగింది.

"ఆరబెడితే సేప సచ్చిపోద్దండి బాబూ."

"మొక్కజొన్న విషయమునందు కూడా రైతులు మొదట్లో ఇటులనే భయపడ్డారమ్మా. క్రమేణా అలవాటు పడింది."

"మొక్కజొన్నా?"

"అవును. ఇప్పుడు ఎంతో బాగున్నది."

ఎర్రనీరు ఎవరికోసమూ ఆగదు. పై ఆఫీసు కోసం అసలు ఆగదు. గుడ్డి కన్నా మెల్ల నయం అనుకుని నూకరత్నం సంతకం పెట్టి వచ్చింది.

మొదటి తడి నాడు పాలెం పాలెమంతా ఆనకట్ట మీదే ఉంది. సోమన్న షట్టరు ఎత్తాడు. ఎర్రగా, నురగతో, మట్టివాసనతో నీళ్ళు తొట్లు నింపుకుంటూ దిగాయి. మర్నాటికి కింది తొట్టిలో తళుక్కున ఏదో మెరిసింది. "అదిగో సేప," అంది నూకరత్నం తోడికోడలు పైడితల్లి, గుసగుసగా. తర్వాత రెండు, తర్వాత నాలుగు, తర్వాత లెక్కపెట్టడం మానేశారు. నూకరత్నం తన జన్మలో దిగువ రేవుల నుంచి తెచ్చిన పులస మోసింది, కోసింది, అమ్మింది. బతికున్న పులస ఈదుతుంటే చూడ్డం అదే మొదలు. వలలో పడీ పడగానే చచ్చే జాతి అది. చూసి చూసి ఆవిడకి కడుపు నిండిపోయింది.

అయితే సాల్మన్ ఎగిరి ఎక్కుతుంది. పులస ఎగరదు. అడ్డగోడలో సందు ఎక్కడుందో వెతుక్కుని, అందులోంచి దూరి, కాస్త అలుపు తీర్చుకుని మళ్ళీ వెతుక్కుంటుంది. మూడో రోజు గడిచేసరికి ముందున్న చేపలు పై తొట్లకు చేరాయి గానీ ఒక్కటీ మడుగులోకి వెళ్ళలేదు. తెల్లవారి ఆరు కొట్టగానే సోమన్న షట్టరు చక్రం దగ్గరికి వచ్చాడు.

"ఒక్క పూట, బావా. పైదాకా వచ్చేశాయి, నీ కల్లెదురుగానే ఉన్నాయి."

"ఈ పూట రాజుగారి మొక్కజొన్నది, రత్నం. ఆ పూట నీకిస్తే రేపు నా ఉద్యోగం మొక్కజొన్నకి ఎరువైపోద్ది," అన్నాడు సోమన్న. ఆవిడ మొహం చూడకుండా చక్రం తిప్పాడు.

నీళ్ళు జారిపోయాయి. తొట్ల అడుగున మోకాటిలోతు, తర్వాత జానెడు. వెండిరేకుల్లాంటి చేపలు పక్కకు పడి నోళ్ళు తెరిచాయి. నూకరత్నం పాలెం కేసి తిరిగి పెద్ద కేక వేసింది. టార్పాలిన్లు తెమ్మంది, చీరలు తెమ్మంది, ఏదుంటే అది తెమ్మంది.

పులసను చేత్తో ముట్టుకోకూడదు. ముడితే పోతుంది. అందుకని టార్పాలిన్ నాలుగు మూలలూ నలుగురు పట్టుకుని, తొట్టిలోకి దింపి, నీళ్ళతో సహా చేపను ఎత్తి, ఉయ్యాల మోసినట్టు మెట్ల పక్క గట్టు ఎక్కి మడుగులో దింపారు. నీళ్ళ బరువుకి భుజాలు ఊడొచ్చాయి. చాలా చేపలు దారిలోనే పోయాయి. కొన్ని మడుగులో పడి, వెల్లకిలా తిరిగి, ఇంక పోయాయనుకుంటుండగా తోక కొట్టి మునిగాయి. అలా మునిగిన ప్రతిసారీ ఆడవాళ్ళు ఏడ్చారు.

ఆనకట్ట మీద కారాపుకున్న ఒక పెద్దమనిషి ఇదంతా చూసి గుండె బాదుకున్నాడు. "పుస్తెలమ్ముకుని తినే చేపని నీళ్ళలో పారబోస్తున్నారేంటమ్మా. ఆ ఒక్కటీ నాకివ్వండి, మీరెంతంటే అంత."

పైడితల్లి నూకరత్నం కేసి చూసింది. పైడితల్లి ఇంట్లో రెండు పూటలై పొయ్యి వెలగలేదని నూకరత్నానికి తెలుసు.

"పొయ్యెలగాలంటే మడుగుండాలే," అంది నూకరత్నం. పైడితల్లి టార్పాలిన్ మూల గట్టిగా పట్టుకుంది.

ఆఫీసు పదింటికి గానీ తెరవరు. వాళ్ళొచ్చేసరికి ఈ మోత అయిపోయేది. సోమన్న అంతా చూశాడు, ఎక్కడా చెప్పలేదు. "ఆరబెట్టు రోజుల్లో మెట్ల కేసి చూడమని నాకు ఆర్డరు లేదు," అని ఊరుకున్నాడు. అలా ప్రతి వారం మూడు రోజులు చేపలు ఎక్కడం, నాలుగో రోజు తెల్లారగట్ల పాలెం వాళ్ళు మొయ్యడం జరిగిపోయింది.

తొట్లలో మిగిలిపోయిన చచ్చిన చేపల్ని చూసి చయనులు గారు ముందు కంగారుపడ్డారు, తర్వాత తేరుకున్నారు. ఆయకట్టులో నీళ్ళు పెట్టాక మిగిలేది దిగుబడే కదా. వ్యవసాయశాఖను రప్పించి పంటకోత ప్రయోగం చేయించారు. వాళ్ళు ఒక తొట్టికి తాళ్ళు కట్టి, అందులో పడ్డది తూచి, ఎకరాకు ఎంతవుతుందో కట్టారు. ఆరుతడి పంటల్లో అంత దిగుబడి జిల్లా ఎన్నడూ ఎరగదు. శాంపిలు కింద తీసిన పులసలు నాలుగు జీపుల్లో నాలుగు ఇళ్ళకు వెళ్ళాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. చేపను ఆరుతడిగా గుర్తించినందుకు పై నుంచి చయనులు గారికి మెచ్చుకోలు లేఖ కూడా వచ్చింది.

ఎర్రనీరు తగ్గుతుండగా మత్స్యశాఖ అధికారిణి సువర్చల మేడం పరీక్ష వల వేయించారు. వలలో ఒకటి, మళ్ళీ వేస్తే ఇంకొకటి, బొద్దుగా రెండు పులసలు. పాలెం వాళ్ళు ఈలలు వేశారు. నూకరత్నం తడి వల మీదే కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మడుగు దక్కినట్టే.

ఆనకట్ట గెస్టుహౌసులో అభినందన సభ పెట్టారు. చయనులు గారు, సువర్చల మేడం, రాజుగారు బల్ల మీద. పాలెం వాళ్ళు కింద చాపల మీద. నూకరత్నానికి శాలువా కప్పారు. తర్వాత చయనులు గారు నివేదిక చదివారు.

"తడి ఇచ్చిన రోజులలో మెట్ల పైచివరన లెక్కింపు బోను ఉంచడమైనది. అందులో ఒక్క చేపయు నమోదు కాలేదు. ఆరబెట్టిన రోజులలో మడుగునందు వల వేయగా పులస లభించినది. దీనిని బట్టి తేలునది ఏమనగా, సదరు చేప ఆరబెట్టిన రోజులలోనే మెట్లు ఎక్కుచున్నది. నీరు దానికి అడ్డుగా ఉన్నది. కావున వచ్చే ఏడాది నుంచి మెట్లకు నీరు పూర్తిగా నిలిపివేసి, మిగిలిన నీటిని మొక్కజొన్నకు మళ్ళించవలెనని సిఫార్సు చేయడమైనది."

రాజుగారు చప్పట్లు మొదలెట్టారు. నూకరత్నం శాలువాతోనే లేచి నిలబడింది.

"బాబూ, ఎక్కడం కాదండి. ఆటిని..."

"ఒక్క నిమిషం," అని సువర్చల మేడం అడ్డుకున్నారు. ఆవిడ గొంతు మెత్తగానే ఉంది. "నూకరత్నం గారూ, చెప్పే ముందు ఒక్క సంగతి. చేప తనంతట తను మడుగులోకి వస్తే అది ఏటి చేప. మనుషులు తెచ్చి పోస్తే అది పెంపకం. పెంపకమైతే మడుగు కంపెనీది, అది రూలు. హక్కు కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు. ఇప్పుడు చెప్పండి, ఎక్కాయా? ఎవరైనా తెచ్చి పోశారా?"

నూకరత్నం చాపల కేసి చూసింది. అందరూ ఆవిణ్ణే చూస్తున్నారు. తెచ్చి పోశామంటే మడుగు ఈ రోజే పోతుంది. ఎక్కాయంటే మెట్లకు ఇంక నీళ్ళు రావు, పులసా రాదు, మడుగు మరుసటేడు పోతుంది. ఏడాది అంటే ఏడాది తిండి. చాపల మీద చంటిపిల్లలూ ఉన్నారు.

"ఎక్కాయండి," అంది.

మినిట్స్ రాస్తున్న గుమాస్తా తలెత్తాడు. "నీళ్ళు లేకుండానే అని రాసుకోమంటారా?"

నూకరత్నం భుజం మీది శాలువా తీసి మడిచింది.

"నీల్లు లేకుండానేనండి."

మేడం సంతకం పెట్టారు. గెస్టుహౌసు చప్పట్లతో మోగిపోయింది. చాపల మీద వాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుని కొట్టారు. పైడితల్లి ఒక్కతే కొట్టలేదు. ఆవిడ చేతులు ఇంకా భుజాలదాకా లేవడం లేదు.